మందతో వలస పోయే మా నాయనకు సోలార్ పవర్ బ్యాంక్ కొనచ్చా?

పాలమూరు పోరడు:
అన్నలకు, అక్కలకు నమస్తే. మాది మక్తల్ దగ్గర పల్లె. నేను హైదరాబాద్‌లో పని చేస్తున్నా. మా నాయన, చిన్నాయన సంక్రాంతి దాటినాక గొర్ల మంద తోలుకొని సాగర్ ఆయకట్టు వైపు పోతారు. మళ్లీ తొలకరికే ఇల్లు. అన్నాళ్లూ పొలాల్లోనే పడక.

ఫోను లేకుంటే పని నడవదు. ఈ రాత్రి ఎవరి పొలంలో మంద పెట్టాలి, రైతు ఎంత ఇస్తాడు, వరికోత ఎక్కడ అయిపోయింది, జీవాలకు మందు ఇచ్చే డాక్టరు ఎక్కడున్నాడు, అన్నీ ఫోన్లోనే. ఛార్జింగు కోసం ఎవరో ఒకరు ఊర్లోకి పోయి, చాయ్ హోటల్లోనో కిరాణా కొట్లోనో ఫోను పెట్టి కూర్చోవాలి. అక్కడ మంద దగ్గర మనిషి తక్కువ పడతాడు.

ఆన్‌లైన్‌లో సోలార్ పవర్ బ్యాంక్ చూసిన. 20,000 ఎంఏహెచ్, మూత మీద సోలార్ పలక, టార్చి లైటు కూడా ఉంది. పదిహేను వందల లోపే. ఎండలో పెడితే చాలు, కరెంటుతో పనే లేదని రాసిండ్రు. కొనచ్చా? నాయన దగ్గర ఒక స్మార్ట్‌ఫోను, ఒక కీప్యాడ్ ఫోను ఉన్నాయి.

గాలిపటం:
నిశ్చింతగా కొను తమ్ముడూ. నా దగ్గర అలాంటిదే ఉంది. మారేడుమిల్లి క్యాంపింగ్‌కి తీసుకెళ్లాను. బ్యాగుకి వెనకాల తగిలించి నడిచాను, మూడు రోజులూ ప్లగ్గు మొహం చూడలేదు. పచ్చ లైటు వెలుగుతూనే ఉంది.

వోల్టుమీటర్:
తమ్ముడూ, కొనే ముందు ఒకసారి లెక్క చూడు.

20,000 ఎంఏహెచ్ అన్నది లోపలి 3.7 వోల్టుల సెల్లు లెక్క. అంటే 74 వాట్ అవర్లు, ఒక వాట్ చొప్పున 74 గంటలు ఇచ్చేంత కరెంటు. అంత నింపాలి. ఇక మూత మీద పలక. ఈ రకం వాటికి పద్నాలుగు సెంటీమీటర్ల పొడవు, ఏడు సెంటీమీటర్ల వెడల్పు ఉంటే గొప్ప. నిండు ఎండ చదరపు మీటరుకు 1,000 వాట్లు అనుకుంటే ఆ పలక మీద పడేది 10 వాట్లకు లోపే. మంచి సెల్లు అందులో ఐదో వంతును కరెంటుగా మారుస్తుంది, అంటే 2 వాట్లు. వేడి, వాలు, దుమ్ము పోగా చేతికొచ్చేది ఒకటి నుంచి ఒకటిన్నర వాట్.

ఒకటిన్నరే అనుకుందాం. 74 నిండడానికి దాదాపు 50 గంటల నిండు ఎండ కావాలి. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఎండ ఉన్నా, నిండు ఎండ కింద లెక్క కట్టేది మన దగ్గర రోజుకు ఐదు గంటలు, వేసవిలో ఇంకొంచెం ఎక్కువ. అంటే పది రోజులు. అదీ ఆ పది రోజులూ ఫోను పెట్టకుండా ఉంటే. 5,000 ఎంఏహెచ్ స్మార్ట్‌ఫోను ఒక్కసారి నిండాలంటే 19 వాట్ అవర్లు కావాలి. ఆ మూత రోజంతా ఎండలో పడుకున్నా, నష్టాలు పోగా ఫోనుకు చేరేది ఐదో ఆరో. పావు ఫోను.

దీన్ని మోసం అనను. కరెంటు లేని చోట ఒక అత్యవసర కాల్ చేసుకోవడానికి పనికొస్తుంది. కానీ నాయన అవసరం అత్యవసరం కాదు కదా, రోజువారీది.

గాలిపటం:
సార్, మీరు కాగితం మీద లెక్క చెబుతున్నారు, నేను వాడి చెబుతున్నాను. మూడు రోజులు నా ఫోనూ మా బావ ఫోనూ రెండూ నడిచాయి.

వోల్టుమీటర్:
ఇంటి దగ్గర నిండుగా ఛార్జ్ చేసి బయలుదేరారా, లేదా? చేసే ఉంటారు. 20,000 పవర్ బ్యాంక్ నిండుగా ఉంటే స్మార్ట్‌ఫోనును రెండున్నర, మూడు సార్లు నింపుతుంది. మీ మూడు రోజులూ నడిపింది మీ ఇంటి కరెంటే. పచ్చ లైటుకు పలక మీద వెలుగు పడితే చాలు, ఎంత కరెంటు పోతోందో దానికి పట్టదు. మబ్బులోనూ వెలుగుతుంది, కొన్నింటికి ట్యూబ్‌లైటు కింద కూడా.

నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. పవర్ బ్యాంకును పూర్తిగా ఖాళీ చేయండి. పొద్దుట నుంచి సాయంత్రం దాకా డాబా మీద పెట్టండి. రాత్రికి ఫోను తగిలించి ఎన్ని శాతం ఎక్కిందో ఇక్కడ రాయండి.

గాలిపటం:
సరే, ఈ ఆదివారం చూస్తా.

బుల్లెట్ బాబాయ్:
బండి లేదా మీ వాళ్లకి? బండికి యూఎస్‌బీ సాకెట్ పెట్టించెయ్, రెండు మూడు వందల్లో అయిపోతుంది. మేం లద్దాఖ్ వెళ్లినా అంతే. సోలార్ గీలార్ ఏం లేదు.

పాలమూరు పోరడు:
ఎక్సెల్ ఉంది బాబాయ్, పాతది. అది సామాను మోస్తది, గంటల కొద్దీ నడవదు. మందతో పాటు మనిషి నడుస్తడు, బండి ఒక కాడ నిలబడి ఉంటది. ఫోను కోసం పెట్రోలు కాల్చమంటే నాయన నన్ను కాలుస్తడు.

ఉద్దానం అమ్మాయి:
వోల్టుమీటర్ గారు పలక సంగతి చెప్పారు కానీ వేడి సంగతి చెప్పలేదు. అసలు గొడవ అక్కడే.

లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. ఈ పవర్ బ్యాంకులో పలక, బ్యాటరీ ఒకే డబ్బా. పలకకు ఎండ కావాలి, బ్యాటరీకి నీడ కావాలి. రెండింటినీ అతికించేసి ఎండలో పెట్టమంటే ఎలా? ఏప్రిల్, మేలో గాలే 42, 43 ఉంటుంది. నల్లటి డబ్బా 60 దాకా పోతుంది. మా అన్నయ్యది ఒకటి అలాగే ఉబ్బింది. మూత అతుకు దగ్గర విడిపోయి, బల్ల మీద పెడితే బొంగరంలా తిరిగేది. ఉబ్బినదాన్ని పొడవకండి, నొక్కి మూయకండి, మళ్లీ ఛార్జ్ పెట్టకండి. నేరుగా ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేయండి.

నేను సోలార్‌కు వ్యతిరేకిని కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. స్తంభాలు, కొబ్బరి చెట్లు అన్నీ నేలమట్టం. తుపాను వెళ్లిపోయాక ఆకాశం శుభ్రంగా ఉంది, ఎండ ఎండే, కరెంటు మాత్రం రాదు. జనరేటర్ ఉన్న ఇంటి ముందు ఫోన్లు పట్టుకుని వరస కట్టాం. ఆ రోజుల్లో ఇంట్లో విడిగా ఒక చిన్న సోలార్ పలక ఉండి ఉంటే ఎంత బాగుండేదో. విడిగా అన్న మాట గమనించండి.

బుడమేరు గట్టు:
మా విజయవాడ వరదలో సంగతి వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో సింగ్‌నగర్ మునిగినప్పుడు పైన మబ్బు, కింద నీళ్లు. డాబా ఎక్కి కూర్చున్నా సోలార్ ఏం చేస్తుంది? అప్పుడు ఆదుకున్నది ముందు రోజు రాత్రి నిండుగా పెట్టుకున్న మామూలు పవర్ బ్యాంకే. వానాకాలం కోసమైతే సోలార్‌ని నమ్ముకోవద్దు.

పొలం గట్టు:
పాలమూరు తమ్ముడూ, మాది మిర్యాలగూడ దగ్గర. మీ వాళ్లు మా పొలాల్లోకే వస్తారు. కోత అయినాక మంద పెట్టిస్తే ఆ ఏడు ఎరువు సంచి తక్కువ పడుతుంది, అందుకే పిలిచి మరీ పెట్టించుకుంటాం.

పోయిన ఏడు వచ్చిన మందవాళ్ల దగ్గర ఒక చిన్న గాజు సోలార్ ప్లేటు చూసిన. 12 వోల్టులది, 20 వాట్లు. టౌన్‌లో ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది, మా దగ్గర వెయ్యికీ పదిహేను వందలకూ మధ్య. రెండు కిలోల చిల్లర బరువు. దానికి బండికి పెట్టే మొబైల్ ఛార్జర్ కలిపిండ్రు. అంతే. పవర్ బ్యాంక్ మామూలుది. పగలు ప్లేటు గట్టు మీద ఎండలో, పవర్ బ్యాంక్ సద్దిమూట పక్కన తుమ్మచెట్టు నీడలో. రాత్రి పవర్ బ్యాంకుతో ఫోన్లు.

ఇంకో ఉపాయం. మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్ ఎవరి దగ్గరైనా ఉంటే, అందులో 12 వోల్టుల బ్యాటరీయే ఉంటుంది. కొన్నింటికి యూఎస్‌బీ కూడా వస్తోంది. మా పొలంలో మంద ఉన్నన్నాళ్లు వాళ్ల ఫోన్లు దానికే పెట్టించిన. రోజూ కుదిరేది కాదనుకోండి, స్ప్రేయర్‌ది లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే పూర్తిగా దించేస్తే తొందరగా చస్తుంది.

వోల్టుమీటర్:
పొలం గట్టు గారు చెప్పిందే దారి. కానీ ఆ ఛార్జర్ దగ్గర ఇద్దరు ముగ్గురు చేతులు కాల్చుకోవడం చూశాను, కాబట్టి కాస్త పెద్దగా రాస్తున్నా.

12 వోల్టుల ప్లేటు అన్నది పేరుకే. ఏమీ తగిలించకుండా ఎండలో పెట్టి మీటరు పెడితే 21, 22 వోల్టులు చూపిస్తుంది. 12 వోల్టులకు మాత్రమే అని రాసిన ఛార్జర్ పెడితే మాడిపోవచ్చు. ఇన్‌పుట్ 12 నుంచి 24 వోల్టులు అని ఉన్నదే కొనాలి. కారు, లారీ రెండింటికీ పనికొచ్చేవి అలాగే ఉంటాయి.

రెండోది, ఫాస్ట్ ఛార్జర్ కొనకండి. అందరూ ఇక్కడే పొరపడతారు. 18 వాట్ల ఛార్జర్ పెడితే పవర్ బ్యాంక్ 18 వాట్లూ అడుగుతుంది. 20 వాట్ల ప్లేటు మామూలు రోజు ఇచ్చేది 14, 15. అడిగినంత ఇవ్వలేక ప్లేటు వోల్టేజి కూలిపోతుంది, ఛార్జర్ ఆగిపోతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ అడుగుతుంది. రోజంతా టిక్కు టిక్కు మంటూ లైటు కొట్టుకుంటూనే ఉంటుంది, సాయంత్రానికి చూస్తే ఏమీ ఎక్కి ఉండదు. మామూలు 5 వోల్టులు, 2 ఆంపియర్లది చాలు. అది 10 వాట్లు అడుగుతుంది, ప్లేటు హాయిగా ఇస్తుంది. రోజుకు ఐదు గంటలు అలా నడిచినా 50 వాట్ అవర్లు. నష్టాలు తీసేసినా రెండు ఫోన్లకు సరిపోతుంది.

ఫోనును నేరుగా ప్లేటుకు పెట్టొద్దు. మబ్బు వచ్చి పోయినప్పుడల్లా ఫోను ఛార్జింగ్ ఆగి మొదలవుతుంది, తెర వెలుగుతుంది, ఉన్న బ్యాటరీ కూడా తింటుంది. పవర్ బ్యాంకు కూడా మబ్బు పోయాక తనంతట తాను మళ్లీ మొదలుపెట్టే రకం కావాలి. ప్లేటు మీద గొంగడి కప్పి తీసి చూడండి. వైరు పీకి పెట్టకుండానే లైట్లు మళ్లీ కదిలితే మంచిది.

నల్లమల నడక:
నాదొక చిన్న మాట. చెట్ల కింద సోలార్ దండగ. చైత్ర పౌర్ణమికి నల్లమల అడవిలోని సలేశ్వరం గుడికి నడిచేటప్పుడు కొందరు బ్యాగుల మీద సోలార్ పలకలు వేలాడదీసుకుని వస్తారు. ఆకుల నీడ ఒక సెల్లు మీద పడితే వరసలో ఉన్న మిగతా సెల్లులూ మందగిస్తాయి, ఎందుకంటే అన్నీ ఒకే తీగలో గుచ్చి ఉంటాయి. రెండు మూడు రోజుల నడకకు మామూలు పవర్ బ్యాంక్ చాలు. సిగ్నల్ లేని చోట ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. టవర్ కోసం వెతుక్కోవడంలోనే సగం బ్యాటరీ అయిపోతుంది.

కీప్యాడ్ రాజా:
ఎవరూ పట్టించుకోని పాయింటు ఒకటుంది. నాయన దగ్గర కీప్యాడ్ ఫోను కూడా ఉందన్నాడు కదా. దాని బ్యాటరీ 1,000 ఎంఏహెచ్ ఉంటుంది, నాలుగు వాట్ అవర్లు కూడా కాదు. ఒకసారి నిండితే మూడు నాలుగు రోజులు వస్తుంది. వోల్టుమీటర్ గారి పావు ఫోను లెక్క స్మార్ట్‌ఫోనుకే. కీప్యాడ్‌కైతే ఆ మూత పలక కూడా తిండి పెట్టగలదు. మంద బేరాలన్నీ కీప్యాడ్ నంబర్‌కు మార్చేయమను. స్మార్ట్‌ఫోను సాయంత్రం ఒక గంట తీసి వాట్సాప్, వీడియో కాల్ చూసుకుని మూసేస్తే సరి.

వోల్టుమీటర్:
రాజా గారూ, ఈ లెక్క నిజమే, ఒప్పుకుంటున్నా. వేడి సంగతి మాత్రం అలాగే ఉంటుంది.

పాలమూరు పోరడు:
కీప్యాడ్ మాట నాకు తట్టనే లేదు. కానీ రైతులు పొలం ఫొటో, లొకేషన్ వాట్సాప్‌లోనే పెడుతున్నారు ఇప్పుడు. జీవానికి ఏదైనా రోగం వస్తే నాయన వీడియో తీసి డాక్టరుకు పంపుతడు. స్మార్ట్‌ఫోను తప్పదు.

గాజు ప్లేటు అంటే పగులుతుందేమో అని టెన్షన్. మడత పెట్టే గుడ్డ సోలార్ ప్యానెళ్లు చూసిన, 28 వాట్లు అని రాసిండ్రు, నాలుగైదు వేలు. అది మంచిదా? ఇంకోటి, 50,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ వెయ్యి రూపాయలకే ఉంది, అది తీసుకుంటే రెండు మూడు రోజులు చూసుకోవక్కర్లేదు కదా?

ఉద్దానం అమ్మాయి:
మడత ప్యానెల్ మా ఇంట్లో ఉంది. బరువు తక్కువ, ఛార్జర్ దాంట్లోనే ఉంటుంది, వైరు తగిలిస్తే చాలు. 28 అని రాసింది నిండు ఎండలో 16, 18 ఇస్తే మంచిదే. పుస్తకాల సంచిలో పడుతుంది. కానీ మడత దగ్గర తీగలు నలుగుతాయి. రోజూ విప్పి రోజూ మడిచే వాళ్లకు ఆ మడతే ముందు పోతుంది. మీ వాళ్లకు మోయడానికి బండి ఉంది కాబట్టి గాజుదే మేలు అంటాను. దాని చుట్టూ అల్యూమినియం ఫ్రేము ఉంటుంది, పాత దుప్పటి చుట్టి బండికి కడితే చాలు.

వోల్టుమీటర్:
ఆ 50,000 దాన్ని కిరాణా కొట్టు త్రాసు మీద పెట్టించండి. 20,000 నిజంగా ఉన్న పవర్ బ్యాంకే మూడున్నర, నాలుగు వందల గ్రాములు తూగుతుంది. 50,000 అంటే కిలోకు అటూ ఇటూ ఉండాలి. అది 250 గ్రాములు తూగితే లోపల ఏముందో మీరే చెప్పండి.

డబ్బా వెనకాల చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని ఉంటుంది, అది చదవండి. 3.7 వోల్టుల నుంచి 5కు పెంచి బయటికి పంపాక మిగిలేది అదే. 20,000 దానికి 12,000 చుట్టుపక్కల రాసి ఉంటే నిజాయితీగా రాసినట్టు. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు కూడా ఉండాలి. పవర్ బ్యాంకులకు మన దేశంలో అది తప్పనిసరి.

నిర్వాహకుడు:
మధ్యలో ఒక సభ్యుడు పెట్టిన అమ్మకం లింకు తీసేశాను. ఇక్కడ సలహా చెప్పండి, సరుకు అమ్మకండి.

గాలిపటం:
ఆదివారం పరీక్ష పెట్టాను. పొద్దున్నుంచీ డాబా మీదే, మబ్బు లేదు. రాత్రి ఫోను తగిలిస్తే 19 శాతం ఎక్కి ఆగిపోయింది. ఆ 19 శాతం ఖాళీ అవ్వడానికి నా ఫోనుకి ఒక్క గంట రీల్స్ చాలు. డబ్బా మధ్యాహ్నం చేత్తో ముట్టుకోలేకపోయాను. అయినా టార్చి లైటు బ్రహ్మాండంగా ఉంది, దాన్ని ఎవరూ ఏమీ అనకండి.

బుల్లెట్ బాబాయ్:
టార్చిని ఎవరూ ఏమీ అనలేదురా అబ్బాయ్.

పాలమూరు పోరడు:
అందరికీ వందనాలు. 20 వాట్ల గాజు ప్లేటు, 12-24 ఛార్జరు, మామూలు 20,000 పవర్ బ్యాంక్ కొని, పోయిన వారం నేనే మంద కాడికి పోయి ఇచ్చి వచ్చిన. మొదటి రోజు నాయన ప్లేటును నేల మీద చాప పరిచినట్టు పరిచిండు. పవర్ బ్యాంక్ నింపుతోంది కానీ నిదానం.

వోల్టుమీటర్:
ఇప్పుడు సూర్యుడు దక్షిణానికి వాలి ఉన్నాడు. ప్లేటు ఉత్తరం అంచు కింద ఒక రాయో కర్రో పెట్టి, ముఖం దక్షిణం వైపు తిరిగేలా లేపమనండి. పలకకు లంబంగా ఒక పుల్ల ఆనించి చూస్తే తెలిసిపోతుంది, పుల్ల నీడ ఎంత పొట్టిగా ఉంటే అంత సరిగా పెట్టినట్టు. మే మొదటి వారానికి మీ ఆయకట్టు దగ్గర మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు, అప్పుడు నేల మీద పరిస్తేనే మంచిది. రోజూ పొద్దున ఒకసారి తడిగుడ్డతో దుమ్ము తుడవాలి. చల్లగా ఉన్నప్పుడే తుడవండి, కాలిన గాజు మీద చన్నీళ్లు పోయొద్దు.

పాలమూరు పోరడు:
రాయి పెట్టిన్రు, ఫరక్ కనిపిస్తోందని ఫోన్ చేసి చెప్పిండు. ఇప్పుడు కొత్త తిప్పలు. మందలో నాలుగు మేకలు కూడా ఉన్నాయి. గొర్లు ప్లేటు జోలికి పోవు గానీ మేకలు వైరు నములుతున్నాయి. ఒకచోట రాగి బయటపడింది. టేపు చుట్టిన్రు. మళ్లీ నమిలితే ఎట్లా?

పొలం గట్టు:
డ్రిప్ లేటరల్ పైపు ముక్క తీసుకొని, పొడుగునా బ్లేడుతో చీల్చి అందులో వైరు దూర్చమను. రెండు చివర్లా టేపు. మా పొలాల్లో పాత డ్రిప్ పైపు గట్ల మీద ఎంతంటే అంత పడి ఉంటుంది, అడిగితే ఊరికే ఇస్తారు. పవర్ బ్యాంకు ప్లేటుకు దగ్గర్లోనే నీడ చూసి పెడితే వైరు పొట్టిగా సరిపోతుంది, మేకకు అందేది కూడా తగ్గుతుంది. అన్నట్టు తమ్ముడూ, మీ వాళ్లు మా వైపు ఎప్పుడు వస్తున్నారు? మా రెండెకరాల్లో కోత అయిపోయింది.

పాలమూరు పోరడు:
నాయనకు చెప్తా అన్నా. మీ లొకేషన్ నాకు పర్సనల్ మెసేజ్‌లో పెట్టండి.